చెక్క పనితో పక్క సంపాదన: లెక్క ఎక్కడ తప్పుతుంది?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు ఏ పెద్ద అపార్ట్‌మెంట్‌లో దీపావళి స్టాల్స్ పెట్టినా ఒక టేబుల్ నిండా చెక్క వస్తువులు ఉంటాయి. చాపింగ్ బోర్డులు, గరిటెలు, ఫోన్ స్టాండ్లు, తాళాలు తగిలించే పలకలు. టేబుల్ వెనకాల ఉన్న మనిషి చాలాసార్లు మనవాళ్లే. ఏ కర్నూలు నుంచో అనంతపురం నుంచో వచ్చి ఇక్కడ ఐటీలో పని చేస్తూ శని, ఆదివారాలు బాల్కనీలో రంపం పట్టేవాళ్లు, లేదా పిల్లలు స్కూలుకి వెళ్లాక ఇంట్లోనే పని మొదలుపెట్టేవాళ్లు. వస్తువు బావుంటుంది. జనం ఆగి చేత్తో తడిమి చూస్తారు, కొందరు కొంటారు కూడా. అయినా ఏడాది తిరిగేసరికి చాలా టేబుళ్లు కనిపించవు. అడిగితే "టైమ్ కుదరట్లేదండీ" అంటారు, కాస్త చనువుగా అడిగితే "ఏం మిగలట్లేదు" అంటారు.

ఎందుకు మిగలట్లేదో విప్పి చూద్దాం. నేను చూసినంతలో పనితనానికి లోటు లేదు, గిరాకీ కూడా ఉంది. ఎక్కువమంది దెబ్బతినేది ఒకే చోట: చెక్క ఖరీదు లెక్కేసుకుంటారు, తమ గంటలు లెక్కేసుకోరు. ఏ చెక్క కొనాలి, ఏం చేయాలి, ఎక్కడ అమ్మాలి, రూల్స్ ఏంటి, ఇవన్నీ తిరిగి తిరిగి ఆ గంటల దగ్గరికే వస్తాయి.

ఒక్క బోర్డు లెక్క

టింబర్ యార్డులో కలపని ఘనపు అడుగుల్లో అమ్ముతారు, వాడుకలో సీఎఫ్‌టీ అంటారు. పొడవు అడుగుల్లో, వెడల్పూ మందం అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ వస్తుంది. 14 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న చాపింగ్ బోర్డు ఒకటి అనుకోండి. సుమారు 0.065 సీఎఫ్‌టీ. కానీ యార్డు నుంచి తెచ్చిన పలక ఉన్నపళంగా బోర్డు అయిపోదు. వంకర తీయాలి, చిత్రిక పట్టాలి, చివర్లో పగుళ్లున్న భాగం కోసేయాలి, అంచున ఉన్న తెల్ల చెక్క తీసేయాలి, రంపం పోయినంత మేరా పొట్టు రాలుతుంది. నూటికి 40 పాళ్లు ఇలా పోయిందనుకుంటే ఒక్కో బోర్డుకి మీరు కొన్నది 0.108 సీఎఫ్‌టీ. ధర సీఎఫ్‌టీకి 2,500 రూపాయలు అనుకుందాం. ఇది లెక్క కోసం పెట్టుకున్న అంకె మాత్రమే, చెక్క జాతిని బట్టీ ఆరిన తీరుని బట్టీ చాలా మారుతుంది. చెక్కకి 270, సాండ్ పేపర్‌కీ నూనెకీ 40, పెట్టెకీ టేపుకీ 60, మొత్తం 370. అమ్మకం ధర 900 పెట్టారు. ఆన్‌లైన్ సైటో షాపో 20 శాతం కమీషన్ తీసుకుంటే 180 పోయి చేతికి 720 వస్తుంది. ఖర్చు తీసేస్తే 350.

ఇక్కడే ఆగిపోయి 350 లాభం అనుకుంటారు. ఆ బోర్డు ఒక్కటే విడిగా చేస్తే కోయడం, చిత్రిక పట్టడం, అంచులు గుండ్రం చేయడం, గరుకు నుంచి నున్నటి దాకా మూడు రకాల సాండ్ పేపర్, నడుమ ఒకసారి తడిగుడ్డతో తుడిచి నూగు లేపి మళ్లీ రుద్దడం, నూనె పట్టించడం, అన్నీ కలిపి రెండున్నర గంటలు సులువుగా పడుతుంది. అంటే గంటకి 140 రూపాయలు. యార్డుకి వెళ్లొచ్చిన సగం రోజు, ఫోటోలు తీసిన సాయంత్రం, వాట్సాప్‌లో "అన్నా, ఇదే ఇంకాస్త చిన్నది ఉందా" అని అడిగేవాళ్లకి చెప్పిన జవాబులు, కొరియర్ ఆఫీసు దగ్గర నిలబడ్డ సమయం ఇందులో లేనే లేవు.

ఇప్పుడు అదే బోర్డులు పది ఒకేసారి చేయండి. ఇది దోసెల పిండి లాంటిది, రెండు దోసెలకైనా ఇరవై దోసెలకైనా గ్రైండర్ కడగాల్సింది ఒకసారే. రంపం పక్కన ఒక చెక్క ముక్క బిగించి ఆపు పెట్టుకుంటే ప్రతిసారీ టేపు పెట్టి కొలవక్కర్లేదు, పలకని దానికి ఆనించి కోస్తూ పోవడమే. మూలల గుండ్రం కోసం ప్లైవుడ్‌తో ఒక అచ్చు చేసుకుంటే పదింటికీ ఒకే వంపు వస్తుంది, ఒక్కోదానికి పెన్సిల్‌తో గీసే పని తప్పుతుంది. సాండర్‌కి, అంటే సాండ్ పేపర్‌తో రుద్దే మిషన్‌కి, కాగితం మార్చడం పది బోర్డులకీ కలిపి మూడుసార్లే. ఇలా చేస్తే బోర్డుకి గంట పడుతుంది. చెక్క అదే, ధర అదే, మిగిలేది గంటకి 350. తేడా అంతా ఒకే పనిని వరసపెట్టి చేయడం వల్ల వచ్చిందే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆకర్షణగా ఉంటుందని పన్నెండు రకాల వస్తువులు రెండేసి చొప్పున చేసి స్టాల్‌లో పెడతారు. చూడటానికి నిండుగా ఉంటుంది, గంటల లెక్కలో మాత్రం అంతకన్నా ఖరీదైన పద్ధతి లేదు.

దీన్ని పుస్తకాల్లో వెతకక్కర్లేదు, మైసూరు రోడ్డు మీద అరవై కిలోమీటర్ల అవతల చన్నపట్న ఉంది. అక్కడి బొమ్మల్ని జాగ్రత్తగా చూడండి. కిలుకలు, బొంగరాలు, ఉంగరాల దొంతరలు, కీ చైన్లు, చిన్న చిన్న గిన్నెలు, అన్నీ లేత్ మీద, అంటే చెక్కని గుండ్రంగా తిప్పుతూ చెక్కే యంత్రం మీద, వచ్చే ఆకారాలే. మన ఏటికొప్పాకలో అంకుడు కర్ర అంటామే, దాదాపు ఆ మెత్తటి తెల్ల చెక్కే అక్కడా వాడతారు. తిరుగుతున్న చెక్కకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది, మొగలి ఆకుతో ఒత్తి మెరుపు తెస్తారు. ఒక చెక్క, ఒక యంత్రం, ఒకే రకం పూత, వాటిలోంచి వందల రకాల వస్తువులు. లేత్ మీద నుంచి దించేసరికే రంగుతో సహా పని అయిపోతుంది, ఆరడానికి రోజులు ఆగక్కర్లేదు. ఏ వ్యాపార పాఠమూ లేకుండా తరాల అనుభవంతో కుదుర్చుకున్న పద్ధతి అది. మీరు లక్క పని మొదలుపెట్టాలని నా ఉద్దేశం కాదు. మీ బాల్కనీలో జరిగే పనుల సంఖ్య తగ్గించుకుని, ఆ కొద్ది పనుల్లోంచే వీలైనన్ని వస్తువులు వచ్చేలా చూసుకోమంటున్నాను.

ఏం చేస్తే అమ్ముడవుతుంది

ట్రేలు, నగిషీ పెట్టెలు, మసాలా డబ్బాలు మొదలుపెట్టాలనుకుంటే ముందు ఒకసారి సహారన్‌పూర్ సరుకు ధరలు చూడండి. ఉత్తరప్రదేశ్‌లోని ఆ ఊరు మామిడి, షీషమ్ చెక్క పనికి పెద్ద కేంద్రం, అక్కడి సరుకు దేశమంతా హోల్‌సేల్‌లో దొరుకుతుంది. ఆ ధరతో బాల్కనీలో పోటీ పడటం అయ్యే పని కాదు, పడాల్సిన అవసరమూ లేదు. దూరం నుంచి వచ్చే సరుకు ఇవ్వలేనిది మీరు ఇవ్వగలిగే చోటు వెతకాలి: ఇంటి కొలతకి సరిపోయేది, పేరు చెక్కినది, ఈ ఊళ్లో తెలుగువాళ్ల ఇళ్లలో మాత్రమే పనికొచ్చేది.

బొమ్మల కొలువు మెట్లు తీసుకోండి. బెంగళూరు ఫ్లాట్‌లో కొలువు పెట్టాలంటే పెద్ద తలనొప్పి మెట్లు చేయడం కాదు, తొమ్మిది రోజుల తర్వాత వాటిని ఎక్కడ పెట్టాలన్నదే. బోల్టులు విప్పితే పలకలుగా విడిపోయి మంచం కింద పట్టే ఐదు మెట్ల స్టాండ్‌కి ధర గురించి పెద్దగా బేరం ఉండదు. ఒక్క జాగ్రత్త, మట్టి బొమ్మలు బరువు, పలక పొడవు మూడడుగులు దాటితే నడుమ ఇంకో ఆధారం పెట్టండి, లేకపోతే మూడో రోజుకే మెట్టు కుంగుతుంది. దసరాకి నెల ముందు మొదలుపెడితే ఆలస్యం, జూలైలోనే ఒకటి చేసి ఫోటో తీసి పెట్టుకుంటే ఆర్డర్లకి టైమ్ ఉంటుంది.

గృహప్రవేశాలకి తెలుగులో నేమ్‌ప్లేట్లు ఇంకొకటి. ఇంగ్లిష్ అక్షరాల పలకలు ఎక్కడైనా దొరుకుతాయి, శుభ్రమైన తెలుగు అక్షరాలతో చేసేవాళ్లు తక్కువ. ఎందుకంటే పని నిజంగానే కష్టం. ప, ష, స లాంటి అక్షరాల్లో తలకట్టు కింది భాగానికి అంటుకోదు, "థ" లోపల చుక్క విడిగా ఉంటుంది, ఒత్తులు చాలా వాటికి అసలు అక్షరంతో సంబంధం లేకుండా కింద వేలాడతాయి. అక్షరాన్ని విడిగా కోస్తే "శ్రీనివాస" అన్న ఒక్క పేరే చిన్నా పెద్దా ముక్కలుగా చేతిలోకి వస్తుంది. అందుకని ముదురు రంగు పలక మీద, అక్షరాల మేర కోసి తీసేసిన కాగితం నమూనా అతికించి, ఒక్కో ముక్కనీ దాని చోట జిగురుతో కూర్చోబెట్టి, జిగురు పూర్తిగా పట్టాక కాగితం అంచులు తడిపి లాగేయాలి. ఫాంట్ ఎంపికలో కూడా గీత మరీ సన్నగా ఉంటే గుడి, కొమ్ము విరుగుతాయి, లావు గీత ఫాంటే తీసుకోండి. ఒకసారి పద్ధతి కుదిరాక ఇది బాగా గిట్టే పని, కొన్నవాళ్ల గుమ్మం చూసి పక్క ఫ్లాట్ వాళ్లు ఫోన్ చేస్తారు.

పూజ పీటలు, చపాతీ పీట కర్రా, పప్పు గుత్తి, కవ్వం లాంటివి ఎప్పుడూ పోతాయి. వాటిలో కవ్వం, పప్పు గుత్తి లేత్ లేకుండా చేయబోతే గంటలు మింగేస్తాయి, వదిలేయండి. పీట మాత్రం కొత్తవాళ్లకి కూడా చక్కగా కుదురుతుంది.

ఇక ప్రత్యేక ఆర్డర్లు. "మా గోడకి సరిపడా ఇలాంటిదే ఒకటి చేసిస్తారా" అన్న మాట వినగానే సంతోషం వేస్తుంది. దానికి డ్రాయింగ్, రెండుసార్లు ఫోన్, ఒకసారి వెళ్లి కొలతలు, తీరా చేశాక "కొంచెం లేత రంగైతే బావుండేది" అనే మాట, అన్నీ కలుస్తాయి. వద్దనను, కానీ ధర మీ మామూలు వస్తువుకి కనీసం రెట్టింపు ఉండాలి, సగం ముందే తీసుకోవాలి.

చెక్క గురించి తెలియాల్సినవి

బెంగళూరులో మైసూరు రోడ్డు పక్కన టింబర్ యార్డ్ లేఅవుట్ ఉంది, పనిముట్లకి ఎస్‌జేపీ రోడ్డు. యార్డులో కన్నడ పేర్లు తెలిస్తే మాట తొందరగా కుదురుతుంది: టేకుని తేగ అంటారు, పనసని హలసు, వేపని బేవు, మామిడిని మావు, రోజ్‌వుడ్‌ని బీటె. మొదట్లోనే యార్డు నుంచి దూలాలు కొనక్కర్లేదు. తలుపులు, కిటికీలు చేసే షాపుల్లో టేకు ముక్కలు మిగులుతుంటాయి, అడిగితే తక్కువకే ఇస్తారు, పీటలకీ స్టాండ్లకీ అవి చాలు. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ కూడా ఇక్కడ విరివిగా దొరుకుతుంది. ట్రేలకీ ఫ్రేములకీ మంచిది, తడి తగిలే చోట పనికిరాదు. ముక్కలు అతికించిన రబ్బర్ వుడ్ పలకలు నున్నగా, చవగ్గా ఉంటాయి, కానీ ఆ చెక్కకి పుచ్చు తొందరగా పడుతుందని మందు పట్టించి అమ్ముతారు. షెల్ఫులకి వాడుకోండి, తినేవాటికి వద్దు. చెక్క పొట్టుని జిగురుతో కలిపి నొక్కి చేసే ఎండీఎఫ్, ప్లైవుడ్ కూడా వంటింట్లోకి వద్దు.

ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చవక, చాలామంది దాంతోనే మొదలుపెడతారు. విదేశాల నుంచి వచ్చిన పెట్టె మీద గోధుమ కంకి గుర్తుతో ఒక ముద్ర ఉంటుంది. అందులో "హెచ్‌టీ" అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, "ఎంబీ" అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. ఎంబీ ఉన్నది దేనికీ వాడొద్దు. హెచ్‌టీ అయినా దానిలో అంతకుముందు ఏం సరుకు ఒలికిందో తెలియదు కాబట్టి వంట సామానుకి దూరంగా ఉంచండి.

ఎక్కువ ఫిర్యాదులు తెచ్చేది మాత్రం తేమ. చెక్క గాలిలో తేమని బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పొడవు వైపు మార్పు లేనట్టే, వెడల్పు వైపే కదులుతుంది. బెంగళూరు పీఠభూమి మీద ఉన్న ఊరు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గాలి బాగా పొడిగా ఉంటుంది. ఆ రోజుల్లో బిగుతుగా కుదిరిన పెట్టె మూతని విశాఖలో అత్తగారింటికి పంపితే వానాకాలం వచ్చేసరికి తెరుచుకోదు. వానల్లో చేసిన వెడల్పాటి పలకకి రెండు చివర్లా అడ్డపట్టీలు జిగురుతో గట్టిగా అతికిస్తే ఎండాకాలంలో నడుమ నిలువునా పగుల్తుంది, ఎందుకంటే పలక కుంచించుకుందామంటే పట్టీ కదలనివ్వదు. అడ్డపట్టీని నడుమ ఒక్క చోట మాత్రం అతికించి, చివర్లలో స్క్రూ రంధ్రాలు కోలగా వదిలితే చెక్క తన దారిన కదులుతుంది. కొన్న పలకని ఇంట్లో గాలి తగిలేలా పట్టీల మీద పేర్చి రెండు మూడు వారాలు ఉంచాకే కోయండి. ఆ రెండు వారాల ఓపిక తర్వాత వచ్చే రిటర్నులన్నిటినీ తప్పిస్తుంది.

పూత విషయానికొస్తే, తినే వస్తువుకి నువ్వుల నూనె, వేరుశనగ నూనె రాయొద్దు, కొన్నాళ్లకి ముక్కవాసన వస్తుంది. మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ అని దొరికేదే మినరల్ ఆయిల్. నాలుగు వంతులు అది, ఒక వంతు తేనెమైనం, వేడి నీళ్ల గిన్నెలో పెట్టి కరిగిస్తే మంచి పాలిష్ అవుతుంది. అవిసె నూనె వాడేవాళ్లు ఒక ప్రమాదం తెలుసుకోవాలి: ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి డబ్బాలో పడేస్తే ఆ వేడి పోయే దారి లేక వాటంతటవే అంటుకుంటాయి. గుడ్డల్ని పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి. ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. వేప గరిటెలు అమ్మేవాళ్లకి ఇంకో మాట, గట్టి గరిటెగా అమ్మండి, మందుగా అమ్మకండి.

ఎర్రచందనం, శ్రీగంధం ముక్కల జోలికి అస్సలు వెళ్లొద్దు, "మా ఊళ్లో పాత దూలం ఉంది" అని బంధువు ఇచ్చినా సరే. అటవీ చట్టాలు ఆ బంధుత్వాన్ని చూడవు. రోజ్‌వుడ్ బిల్లుతో కొనుక్కోవచ్చు కానీ ఆ జాతి మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం సైటిస్ జాబితాలో ఉంది, అమెరికాలో ఉన్న చెల్లెలి స్నేహితురాలికి పంపే ముందు ఏ కాగితాలు కావాలో కనుక్కోండి.

బొమ్మలు, పన్నులు, ఉద్యోగం

చాలామందికి మొదట తట్టే ఆలోచన పిల్లల చెక్క బొమ్మలు. ప్లాస్టిక్ కాదు కాబట్టి తల్లిదండ్రులు ఇష్టపడతారు, చేయడమూ సులువే. చట్టం దృష్టిలో మాత్రం ఇదే అన్నిటికన్నా చిక్కైన వస్తువు. 2020లో వచ్చి 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న బొమ్మల నాణ్యత ఉత్తర్వు ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే ఏ బొమ్మకైనా భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లైసెన్సు, ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకీ, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్న చన్నపట్న లాంటి బొమ్మల్ని చేసే అధీకృత వ్యక్తులకీ మినహాయింపు ఉంది. బాల్కనీలో చేసే మనకి ఆ మినహాయింపు దానంతట అది రాదు. రూలుని పక్కనపెట్టి ఆలోచించినా దాని వెనక కారణం గట్టిదే: ఊడొచ్చే చక్రం, నోట్లో పెట్టుకునే రంగు, గొంతులో ఇరుక్కునే ముక్క. పరీక్ష చేయించని బొమ్మని పసిపిల్లల చేతిలో పెట్టడం నాకు సమ్మతం కాదు. బొమ్మలే చేయాలని మనసుంటే ముందు కళాకారుడిగా నమోదు చేసుకునే దారి చూడండి.

జీఎస్టీ గురించి ఉన్నంత టెన్షన్ అక్కర్లేదు. కర్ణాటకలో ఉండి కర్ణాటక లోపలే సరుకు అమ్మినంతకాలం ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఆన్‌లైన్ సైట్ల ద్వారా అమ్మితే ఒకప్పుడు ఒక్క రూపాయికైనా రిజిస్ట్రేషన్ కావాల్సి వచ్చేది. 2023 అక్టోబరు 1 నుంచి రాష్ట్రం లోపల అమ్మే చిన్నవాళ్లు ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుంటే సరిపోతుంది. అదే సైట్ల ద్వారా వేరే రాష్ట్రానికి అమ్మాలంటే మాత్రం రిజిస్ట్రేషన్ చేసుకోవాల్సిందే. మీరే నేరుగా హైదరాబాద్‌కో విజయవాడకో పంపేటప్పుడు, ప్రధానంగా చేత్తో చేసి, ప్రభుత్వం నోటిఫై చేసిన హస్తకళా వస్తువుల జాబితాలో ఉన్నవాటికి 20 లక్షల దాకా మినహాయింపు ఉంది. పాన్ ఉండాలి, విలువ ఎంత తక్కువైనా సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు తీయాలి. మీ వస్తువు ఆ జాబితాలోకి వస్తుందో లేదో ఒకసారి సీఏని అడిగి రాయించుకోండి. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, డబ్బులు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు.

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో ఈ డబ్బు వ్యాపార ఆదాయం. జీతం వాళ్లు అలవాటుగా వేసే ఐటీఆర్-1లో దీన్ని చూపించే వీలు లేదు, ఫారం మారుతుంది. ఉద్యోగం ఉన్నవాళ్లు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి పక్క సంపాదన గురించి ఏం రాసిందో చదవండి. 2022లో ఐటీ కంపెనీల్లో మూన్‌లైటింగ్ (ఉద్యోగం చేస్తూనే బయట ఇంకో పని చేయడం) గొడవ ఎంత దూరం వెళ్లిందో గుర్తుండే ఉంటుంది. చెక్క పీటలు కంపెనీకి పోటీ కాకపోయినా, హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ రాసి అనుమతి తీసుకోవడం ఐదు నిమిషాల పని.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గురించి కూడా చాలామంది అడుగుతారు. 18 వృత్తుల వాళ్లకి, వాటిలో వడ్రంగులకీ బొమ్మలు చేసేవాళ్లకీ, పనిముట్లకి 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల దాకా అప్పు ఇస్తారు. చేతివృత్తి మీద బతికేవాళ్ల కోసం పెట్టిన పథకం అది. నెల జీతం ఉండి సరదాకి రంపం పట్టినవాళ్లు ఆ వరసలో నిలబడకూడదని నా గట్టి అభిప్రాయం.

దీనికే ముడిపడిన ఇంకో విషయం ఉంది, నన్ను బాగా బాధపెట్టేది. జీతం ఉన్నవాడు తన గంటలకి విలువ కట్టకుండా చెక్క ఖర్చుకి యాభై కలిపి గరిటె అమ్మేస్తే, నష్టం అతని ఒక్కడితో ఆగదు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క చెంచాలు, ఫోర్కులు చేసుకుని బతికే కుటుంబాలు ఉన్నాయి, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పక్క స్టాల్‌లో చవగ్గా దొరికిందని చెప్పి కొనేవాళ్లు బేరమాడేది అలాంటి వాళ్లతోనే. గంటకి కనీసం మీ ఏరియాలో పనిచేసే వడ్రంగి కూలీ ఎంతో అంత వేసుకోండి, అంతకి తక్కువైతే ఆ వస్తువు చేయడం మానేయండి.

చోటు, శబ్దం, దుమ్ము

నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని కేంద్ర నిబంధన. చెక్క అంచులు తొలిచే రౌటరో సాండరో ఆన్ చేసిన క్షణమే దాన్ని దాటేస్తారు. అందుకని మిషన్ పని అంతా శనివారం పగలు ఒక్క పూటకి కుదించి, మిగతా రోజుల్లో ఉలి, చేతి రంపం, నూనె పని పెట్టుకునేవాళ్లకి పక్కింటితో గొడవలు రావు. దుమ్ము ఇంకా పెద్ద విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ కలప ధూళిని క్యాన్సర్ కలిగించే వాటి మొదటి గ్రూపులో పెట్టింది. ఎన్95 మాస్కు, సాండర్‌కి తగిలించిన వాక్యూమ్ లేకుండా మూసిన బాల్కనీలో రుద్దొద్దు, ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలే వద్దు.

నేర్చుకోవడానికి ఈ ఊళ్లో ఒక మంచి చోటుంది, మల్లేశ్వరం 18వ క్రాస్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ. కేంద్ర ప్రభుత్వ సంస్థ, అక్కడి శిక్షణ కేంద్రంలో చెక్క పని మీద కోర్సులు నడుపుతారు. చెక్క జాతి గుర్తుపట్టడం, ఆరబెట్టడం వీడియోల్లో అంత బాగా రాదు, చేత్తో పట్టుకుని నేర్చుకోవాల్సినవి.

ఎక్కడ అమ్మితే ఎంత మిగులుతుంది

ఆన్‌లైన్ అంటే కొరియర్, కొరియర్ అంటే పెట్టె సైజు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించిన అంకె, అసలు బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకోవడం మామూలు. 45, 30, 12 సెంటీమీటర్ల పెట్టెలో 1.2 కిలోల ట్రే పంపితే 3.24 కిలోలకి కట్టాలి. వస్తువుని డిజైన్ చేసేటప్పుడే బల్లపరుపుగా, విడదీసి పంపేలా ఆలోచిస్తే ఈ ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. అపార్ట్‌మెంట్ స్టాల్‌కి అద్దె ఉంటుంది, ఒక రోజంతా పోతుంది, కానీ కమీషన్ లేదు, కొరియర్ లేదు, పైగా కొన్నవాళ్లు ఆ కాంప్లెక్స్‌లోనే ఉంటారు. అద్దెనీ ఆ రోజు మీ గంటల విలువనీ కలిపి, ఒక్కో వస్తువు మీద మిగిలేదానితో భాగించండి. పదిహేను అమ్మితే గానీ గిట్టుబాటు కాదని తేలితే, ఆ కాంప్లెక్స్‌లో ఎన్ని కుటుంబాలున్నాయో కనుక్కుని వెళ్లాలో వద్దో తేల్చుకోవచ్చు. రెండు మూడు స్టాల్స్ తర్వాత చాలామందికి అమ్మకాల్లో ఎక్కువ భాగం పాత కొనుగోలుదారుల వాట్సాప్ మెసేజ్‌ల నుంచే వస్తుంది. అందుకే ప్రతి వస్తువుతో ఒక చిన్న చీటీ ఇవ్వండి: నీళ్లలో నానబెట్టొద్దు, డిష్‌వాషర్‌లో వేయొద్దు, రెండు నెలలకోసారి నూనె రాయాలి, ఇది మా నంబర్.

మిషన్లు ఎప్పుడు కొనాలి అన్నది చివరి ప్రశ్న, చాలామంది మాత్రం దీంతోనే మొదలుపెడతారు. పలకల మందం సమం చేసే ప్లేనర్ ఇంట్లో అక్కర్లేదు, యార్డుల పక్కనే ఉండే సామిల్లు (కలప కోసే మిల్లు) వాళ్లు కొద్ది డబ్బులకి ఒకేసారి ఇరవై పలకలు చిత్రిక పట్టి ఇస్తారు, అప్పుడు ఇంట్లో దుమ్మూ సగానికి తగ్గుతుంది. మొదట ఒక మంచి చేతి రంపం, రెండు ఉలులు, వాటిని సానపట్టే రాయి, నాలుగు క్లాంపులు, ఒక డ్రిల్లు, ఒక ఆర్బిటల్ సాండర్ ఉంటే పీటలు, బోర్డులు, కొలువు మెట్లు అన్నీ అవుతాయి. ఆ తర్వాత ఏ మిషన్ మీద కన్ను పడినా, అది ఒక్కో వస్తువు మీద ఎన్ని నిమిషాలు మిగులుస్తుందో, నెలకి ఎన్ని వస్తువులు అమ్ముతున్నారో, మీ గంట ధర ఎంతో వేసి చూడండి. ఏడాదిలో దాని ఖరీదు తిరిగి రాకపోతే ఆ పని ఇంకొన్నాళ్లు బయటే చేయించుకోవడం మేలు.